పంతొమ్మిది మెట్ల కాలనీ

మా ఆయన ఉత్తరాల్లో ఆ కాలనీ మహా ముచ్చటగా ఉండేది. గాలి మంచిది, నీళ్లు మంచివి, ఇరుగుపొరుగు మంచివాళ్లు. వీటన్నిటికంటే గొప్ప సంగతి, మనుషులు నడవడానికి భూమి కింద నుంచి వేరే దారులు వేశారట. పైన బొగ్గు లారీలూ గూడ్సు బండ్లూ, కింద మనుషులు. "ఇంత మంచి ఏర్పాటు మన ఖమ్మంలో కూడా లేదు, నీకు చాలా సుఖంగా ఉంటుంది" అని ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఒక మనిషి ఒకే మాటను రెండుసార్లు రాశాడంటే ఆ మాట సంగతేదో వెళ్లి చూసి రావడం మంచిదని నా నమ్మకం.

ఆయన పేరు నరహరి. బొగ్గు రవాణా చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఏడాది కిందట ఆయన్ని మణుగూరు దగ్గరి ఆఫీసుకు పంపారు. అప్పటి నుంచి శనివారం సాయంత్రం చుట్టంలా వచ్చి సోమవారం తెల్లారకముందే వెళ్తున్నారు. నేను ఖమ్మం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. జిల్లాలో సగం మందికి నా గొంతు తెలుసు, మొహం తెలియదు. మణుగూరు ఎక్స్ఛేంజిలో ఒక ఖాళీ పడింది. దరఖాస్తు ఇస్తే నాకే వస్తుందన్నారు. కాకపోతే ఇచ్చిన మరుక్షణం ఖమ్మంలో నా కుర్చీ ఇంకొకరిది అయిపోతుంది, మళ్లీ అడిగినా రాదు. గడువు ఇంకా నలభై రోజులుంది.

ఇక నా కుడికాలు. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరానికి అది సన్నబడిపోయింది. తొడ మీద చెయ్యి ఆనించి, నొక్కి నొక్కి అడుగు వేస్తాను. చిన్నప్పుడు నేలకొండపల్లిలో అమ్మ చంకలో, మేనమామ భుజం మీద, బడిలో ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని తిరిగాను. పదిహేనేళ్లు వచ్చాక ఇక చాలనుకున్నాను. ఇప్పుడు అద్దె గది నుంచి ఎక్స్ఛేంజికి ఇరవై నిమిషాల దూరం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుస్తాను. నేను సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే అదొక్కటే. అందుకని నాకు సుఖంగా ఉంటుందనే మాటను ఇంట్లో కూర్చుని నమ్మదలచుకోలేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, ఆషాఢంలో ఒక ఉదయం బయల్దేరాను. తొంభైల మొదట్లో సంగతి ఇది.

టేకులపల్లిలో నేరేడు పండ్లు

ఇల్లెందు మీదుగా పోయే బస్సు ఎక్కాను. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒళ్లో సీలింగు ఫ్యాను ఉంది. రెక్కలు గోనెపట్టాలో చుట్టి పైన పెట్టాడు కానీ మోటారును మాత్రం చంటిపిల్లలా పట్టుకున్నాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అది వచ్చి నా మోకాలిని పలకరించి పోయేది. కొత్తదా అని అడిగాను.

"అవ్. కాలనీల క్వార్టరు దొరికింది. కరెంటు పుణ్యానికే గదా. ఇప్పటికి రెండు పెట్టిన. ఇది వంటింట్లకు."

"వంటింట్లో ఫ్యాను తిరిగితే పొయ్యి ఆరిపోదా?"

"బొగ్గు పొయ్యమ్మా. గాలుంటే ఇంకా మంచిగ మండుతది."

ఆ సంసారం ఎంత లెక్కగా నడుస్తోందో అప్పుడు అర్థమైంది. ఆయన పోయేది కూడా మా ఆయన కాలనీకే. అక్కడ ఉద్యోగాలేమీ లేవు. సైరను కూత వేసినప్పుడల్లా షిఫ్టు బస్సులొచ్చి మగవాళ్లను బాయిలకు, అంటే బొగ్గు గనులకు, తీసుకుపోతాయి. మళ్లీ తెచ్చి దింపుతాయి. తిని పడుకోవడానికి కట్టిన ఊరు అది. నేను అసలు విషయానికి వచ్చాను. మనుషులు నడవడానికి కింద దారులున్నాయట కదా అన్నాను.

"బోగదలా? రెండున్నయ్. మంచిగ కట్టిండ్రు. ఎండకాలం సల్లగుంటది. మా మేకలు ఆడనే పంటయ్."

"మరి మనుషులు?"

"మనుషులెందుకు పంటరమ్మా ఆడ" అని ఆయన నా వైపు కాస్త అనుమానంగా చూశాడు.

టేకులపల్లిలో బస్సు అరగంట ఆగింది. డ్రైవరు బావమరిదికి అక్కడ టీ హోటలుంది, వాళ్లిద్దరికీ మాటలు తక్కువేమీ కాదు. ఒక లంబాడా ఆమె కిటికీ దగ్గరికొచ్చి నేరేడు పండ్లు అమ్మింది. మోదుగాకు దొన్నె నిండా రూపాయి. మా ఖమ్మంలో నేరేడు పండ్లను బంగారంలా తూస్తారు, తూకం రాయి కింద వేలు పెట్టి మరీ తూస్తారు. ఈమె దోసిలితో పోసి, మళ్లీ నాలుగు పైన వేసి, నా చీర చూసి "తెల్ల చీర కట్టుకొని నేరేడు పండ్లు తింటవా" అని నవ్వింది. ఆమె నవ్వు ఊరికే పోలేదు. బస్సు కదలగానే మోటారు వచ్చి మోచేతికి తగిలి, సగం దొన్నె ఒళ్లో పడింది. నా చీరకు ఇప్పటికీ ఆ మరక ఉంది. కొత్తగూడెం దాటి, పాల్వంచ దాటి, టేకు చెట్ల మధ్య మణుగూరు దారి పట్టేసరికి నా నాలుకా చీరా ఒకే రంగులో ఉన్నాయి.

తెగిన కంచె

కాలనీ మొదట్లో ఒక పెద్ద బోర్డు ఉంది. మణుగూరు ఇంకా కొన్ని మైళ్లుందనగా, బజారు వైపు. దాని మీద బోగద బొమ్మ వేశారు. తెల్లటి మెట్లు, మెట్ల పక్కన మెరిసే కమ్మీ, పూలకుండీలు, గొడుగు పట్టుకున్న ఒక ఆడమనిషి, బుడగ పట్టుకున్న ఒక పాప. బొమ్మలోని ఆడమనిషి నవ్వుతోంది. అడవిలో అంత శుభ్రమైన చెప్పులేసుకుని నవ్వే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మా ఆయన బస్సు దగ్గరికి వచ్చారు. సంచి అందుకుని, కాలనీ మొత్తం తానే కట్టించినట్టు చూపిస్తూ నడిచారు. ఇటు వైపు బజారు, బడి, బస్సులు ఆగే చోటు. అటు వైపు క్వార్టర్లు. మధ్యలో బొగ్గు రైలు పట్టాలు, వాటి పక్కనే లారీల రోడ్డు, రెండు పక్కలా ముళ్లతీగ కంచె. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ కంచె దగ్గరికి వెళ్లి, తీగ తెగి ఉన్న చోట వంగి, సంచితో సహా అవతలికి దూరారు. ఎన్నాళ్ల అలవాటో, తల కూడా తగలలేదు. దూరాక నేను గుర్తొచ్చి వెనక్కి తిరిగారు.

"ఇది కాదు, ఇది కాదు. నీకు బోగద చూపిస్తా" అన్నారు.

మళ్లీ ఇవతలికి దూరి, అటు చూశారు, ఇటు చూశారు. కొంచెం దూరం కుడికి నడిచి, ఆగి, ఎడమకు నడిచారు. చివరికి టీ కొట్టు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి ఏదో అడిగారు. టీ కొట్టాయన గొంతు తగ్గించలేదు.

"బోగదనా సారూ? గా మేకలు కనబడ్తున్నయ్ సూడుండ్రి, గాడనే."

నేను టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. నవ్వాలో తిట్టాలో తేల్చుకోవడానికి కొంత సమయం కావాలి కదా.

"ఏడాదిలో మీరు ఒక్కసారి కూడా దిగలేదా?"

"పని పడలేదు సుగుణా. ఆఫీసులో మ్యాపు ఉంది. మ్యాపులో చూస్తే చాలా సులువుగా ఉంటుంది."

"మ్యాపులో మెట్లెన్ని?"

"మ్యాపులో మెట్లు వేయరు" అన్నారు ఆయన, చాలా న్యాయంగా.

ఆ సాయంత్రం చీకటి పడేలోగా ఇల్లు చేరాలి కాబట్టి పైనుంచే దాటాం. ఆయన కంచె తీగను ఎత్తి పట్టుకున్నారు, నేను వంగి దూరాను. పట్టాల మధ్య కంకరలో నా కుడికాలు నిలవదు. లారీల రోడ్డు మీద ఒక లారీ మా కోసం ఆగలేదు, హారను మాత్రం కొట్టింది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత ఒకరి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాను. నాకు చెప్పలేనంత అవమానంగా అనిపించింది. ఆయనకేమో మొగుడి పని చేశానన్న తృప్తి.

లచ్చక్క సర్వపిండి

పక్క క్వార్టరులో లచ్చక్క, ఆమె భర్త రాజలింగు ఉంటారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి పాతికేళ్లుగా బాయి పనిలో ఉన్నారు. ఆయనకు యాభై దాటాయి, ఇంకా భూగర్భ గనిలోనే పని. నేను కూర్చోకముందే లచ్చక్క గిన్నెలో అద్దిన సర్వపిండి తెచ్చి ముందు పెట్టింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, అడుగున కరకరలాడే పొర. తోడుగా పచ్చిపులుసు. మా నేలకొండపల్లిలో చుట్టం వస్తే ముందు కాఫీ ఇచ్చి, ఎన్నాళ్లుంటారో కనుక్కుని, దాన్ని బట్టి వంట మొదలుపెడతారు. ఇక్కడ ముందు తినమంటారు, తర్వాత పేరు అడుగుతారు.

ఈ ఊళ్లో గడియారాలు అలంకారానికే. లచ్చక్క "మొదటి కూతకు పాలు, రెండో కూతకు బియ్యం" అని చెబుతుంది. పిల్లలు కూడా కూత లెక్కనే పుడతారేమో అనుకున్నాను. వీధి దీపాలు పట్టపగలు వెలుగుతుంటాయి. కరెంటు పుణ్యానికే గదా.

నేను బోగద సంగతి ఎత్తాను. అంత ఖర్చుపెట్టి కడితే ఎవరూ ఎందుకు దిగరని అడిగాను. లచ్చక్క భర్త వైపు చూసింది. రాజలింగు చెయ్యి కడుక్కుని నెమ్మదిగా చెప్పాడు.

"రోజుకు ఎనిమిది గంటలు భూమిల ఉంటం చెల్లే. బైటికొచ్చినంక, ఉప్పు పొట్లానికని మల్ల భూమిల దిగమంటే కాళ్లు రావు. ఒక్క నేనే గాదు, ఇక్కడ బాయి మనిషి ఎవ్వడు దిగడు. మా ఆడోళ్లు, పిల్లలు గూడ గట్లనే అలవాటైండ్రు."

"లారీ కింద పడితే?"

"లారీ కనబడ్తది గదా. కనబడేదానికి భయం లేదు."

 రోజంతా నేల కింద బతికే మనుషుల కోసం నేల కింద దారి కట్టినవాడు వాళ్లలో ఒక్కరినీ అడిగి ఉండడు. అడిగితే పూలకుండీల బొమ్మ వేసే అవసరం ఉండేది కాదు.

పద్నాలుగో మెట్టు

రాత్రి వాన పడింది. రెండో రోజు మా ఆయన ఆఫీసుకు పోయాక, భోజనం చేసి, ఒంటరిగా బయల్దేరాను. నాకు బజారులో ఉప్పు పొట్లం కావాలి. నిజానికి ఉప్పు ఇంట్లో ఉంది. ఎవరి సాయమూ లేకుండా అవతలికి పోయి రాగలనా లేదా అన్నది తేలాలి. మణుగూరు ఎక్స్ఛేంజికి రోజూ బస్సెక్కాల్సింది అవతలే కాబట్టి, అది తేలితే దరఖాస్తు సంగతి తేలినట్టే.

బోగద మొహానే ఒక కోయ ఆమె కూరకు పనికొచ్చే లేత వెదురు కొమ్ములు ముందు పోసుకుని కూర్చుంది. పక్కనున్న మనిషితో తమ మాటలో మాట్లాడుతూ, నన్ను చూసి తెలుగులోకి వచ్చింది. ఇది ముందు వాగు అని చెప్పింది. వాళ్ల గూడెం నుంచి సంతకు ఈ వాగు వెంబడే నడిచేవాళ్లట. వాగు మీద సిమెంటు పోసి బోగద అని పేరు పెట్టారట.

"వానొస్తే?" అన్నాను.

"వాగొస్తది" అందామె, కొమ్ములు సర్దుకుంటూ.

మెట్లు లెక్కపెట్టాను. పంతొమ్మిది. కమ్మీ లేదు. బోర్డు మీది కమ్మీ ఇంకా బోర్డు మీదే ఉంది. ఒక్కో మెట్టూ నా మోకాలి ఎత్తు ఉంటుందేమో అనిపించింది, అంత లేకపోయినా. గోడకు చెయ్యి ఆనించి, ఎడమకాలు దింపి, కుడికాలును దాని పక్కకు తెచ్చుకుని, ఆగి, మళ్లీ దిగాను. మేకలు నా పక్కనుంచే గంతులేస్తూ పోయాయి. వాటికి నాలుగు కాళ్లున్నాయని మొట్టమొదటిసారి అసూయపడ్డాను. పద్నాలుగో మెట్టు దగ్గరికి చేరేసరికి చెమట పట్టింది. ఆగి, ఊపిరి తీసుకుంటూ, కింద నీళ్లు ఎంత లోతున్నాయో చూస్తున్నాను. అంతే. ఆగాను, చూస్తున్నాను.

అప్పుడే మొదటి షిఫ్టు బస్సు బజారు వైపు వచ్చి ఆగింది. దిగినవాళ్లు మామూలుగా కంచె దూరి, పట్టాలు దాటి ఇటు వస్తున్నారు. పైనుంచి ఎవరో అరిచారు.

"మనిషి ఆగింది."

మరుక్షణం నలుగురు మెట్ల మీద ఉన్నారు. నల్లటి మొహాలు, నెత్తిన టోపీలు. ఒక్కరూ ఏమైందని అడగలేదు. ఇద్దరు చేతులు చేతుల్లో ముడేసి కుర్చీలా చేశారు, ఒకడు నా నడుము దగ్గర పట్టాడు, ఇంకొకడు నా కాళ్లు రెండూ కలిపి ఎత్తాడు. నేను వద్దంటున్నాను. వాళ్లు "ఏం గాదక్కా, ఏం గాదు" అంటున్నారు. పెళ్లికూతురిని పల్లకీలో మోసినట్టు పద్నాలుగు మెట్లూ మోసుకెళ్లి, నేను బయల్దేరిన చోటే, పైన, చెట్టు నీడన కూర్చోబెట్టారు. ఒకడు నా చెయ్యి పట్టి నాడి చూశాడు. ఒకడు నీళ్లు తాగించాడు. ఒకడు దవాఖానాకు కబురు పెట్టమని ఎవరినో పరుగెత్తించాడు.

పావు గంట కష్టం అర నిమిషంలో వెనక్కి ఇచ్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను పడలేదని, ఊపిరి తీసుకుంటున్నానని, నన్ను ముట్టుకోమని ఎవరు చెప్పారని గట్టిగానే కేకలేశాను. నలుగురూ తలలు దించుకున్నారు. జనంలోంచి రాజలింగు వచ్చాడు. ఆయన కూడా అదే బస్సు దిగాడు.

"బాయిల మనిషి నడవకుండ నిలబడ్డడంటే ఏదో అయినట్టే చెల్లే. అడిగే టైం ఉండదు, ముందు గుంజుకొస్తం. మా ఒంటికి అదే అలవాటు" అన్నాడు. ఆ తర్వాత అడిగాడు. "ఎటు పోతున్నవ్?"

"బజారుకు. ఉప్పు పొట్లానికి."

ఆ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో చిన్నవాడు నా వైపు తిరిగి, "తప్పయిందక్కా. మల్ల ఆడనే దింపాల్నా?" అని అడిగాడు. నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. ఉప్పుకోసమని ఎన్నేళ్లైనా బోగద దిగనివాళ్లు మనిషి ఆగిందని దిగారు. ఆ సంగతి రాత్రి మంచం మీద పడుకున్నాక గానీ నా బుర్రకు ఎక్కలేదు.

ముందు నడిచే మనిషి

మూడో రోజు రాజలింగుకు సెలవు. పొద్దున్నే ఇస్త్రీ అంగీ వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. పోదామా చెల్లే అన్నాడు. నేను ముందే చెప్పాను, నన్ను పట్టుకోవద్దని.

"పట్టుకునుడు నాకు రాదు. కొత్తోళ్లు బాయిల దిగినప్పుడు సీనియరు ముందు నడుస్తడు. కింద ఏమున్నదో ఒర్రుకుంట, అరిసి చెప్పుకుంట పోతడు. వెనక్కి సూడడు. ఎనకోడు ఇనుకుంట అడుగేస్తడు. గంతే."

అలాగే దిగాం. ఆయన ముందు, నేను మూడు మెట్ల వెనక. నిజంగానే ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గోడతో మాట్లాడుతున్నట్టు ఒకటే గొంతుతో చెప్పుకుంటూ పోయాడు.

"మెట్టు. మంచిదే. మెట్టు. మంచిదే. మెట్టు. అంచు ఇరిగింది, ఎడమకు. మెట్టు. తడి. మెట్టు. మేక పెంటికలు, తొక్కినా ఏం గాదు. మెట్టు. మేకనే ఉన్నది, ఆగు. పోయింది, రా."

నేను ఆగితే ఆయనా ఆగేవాడు, ఎందుకాగావని అడిగేవాడు కాదు. నా చెప్పుల చప్పుడు వినిపిస్తే మళ్లీ మొదలు. కింద చీకటి, మడమ దాకా నీళ్లు. ఎవరో పరిచిన బల్ల ఒకటి ఉంది. "బల్ల. ఊగుతది. నడుమ అడుగెయ్యి." అప్పుడు ఆయన మెడ వెనక చూశాను. ఇస్త్రీ అంగీ మెడ పట్టీ తడిసి అంటుకుపోయింది. చల్లటి బోగదలో చెమట. సెలవు రోజున, పాతికేళ్ల అలవాటును తెంపుకుని, నిన్న తనవాళ్ల మీద కేకలేసిన మనిషి కోసం దిగాడు. ఆయనకు అది నా మెట్ల కంటే తేలిక కాదని నాకు తెలిసిపోయింది.

అవతలి పంతొమ్మిది మెట్లు ఎక్కి ఎండలోకి వచ్చాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చాను. రాజలింగు మొహం తుడుచుకుని, బీడీ ముట్టించి, టీ కొట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ఉప్పు పొట్లం కొన్నాను. మా ఖమ్మంలో ఎంతో ఇక్కడా అంతే, కాకపోతే దీన్ని నేను సంపాదించుకున్నాను.

టీ తాగుతూ ఆయన అన్నాడు. "నువ్వు ఇక్కడికొస్తే, నాకు డ్యూటీ లేనప్పుడు నేనొస్త. ఉన్నప్పుడు మా ఇంటామె వస్తది. ఆమెకు ఒర్రుడు నాకంటె మంచిగొచ్చు."

తిరిగి అదే దారిలో, అదే లెక్కలో ఇంటికి చేరాం. ఆ మధ్యాహ్నం నా మనసు దాదాపు కుదిరిపోయింది. దారి బాగుందని కాదు. ముందు నడిచే మనుషులున్న ఊరు ఏదో ఒకలా బతకనిస్తుందని అనిపించింది. చేతిసంచిలో దరఖాస్తు కాగితం ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

సంతకానికి ముందు

సాయంత్రం మా ఆయన కంచె దూరి, ప్యాంటు మోకాలికి అంటిన మట్టి దులుపుకుంటూ వచ్చారు. లచ్చక్క ఆయనకు జరిగినదంతా చెప్పింది, కొంచెం ఎక్కువే చెప్పింది. ఆయన మొహం చాటంత అయింది.

"చూశావా? నేను రాయలేదా, నీకు సుఖంగా ఉంటుందని?"

నేను పెన్ను మూత పెట్టాను. నిజం చెబుతున్నాను, ఆ మాట ఒక్కటి అనకుండా ఉంటే అప్పుడే సంతకం చేసేదాన్ని.

"మీరు ఇంకా దిగలేదు కదా" అన్నాను.

"నాకేం, నేనెట్లైనా పోగలను."

"అయితే బోగదలోంచే పొండి. నేను ఖమ్మం పోయాక నెల రోజులు, పొద్దునా సాయంత్రం, రోజూ. కంచె దూరొద్దు. రాజలింగన్న కనిపెట్టి ఉంటాడు. నెల అయ్యాక మీరు రమ్మంటే వస్తాను, ఆ రోజే దరఖాస్తు ఇస్తాను. గడువు ఉంది."

ఇంతేనా అని ఆయన నవ్వారు. రాజలింగు కూడా నవ్వాడు, కానీ ఇద్దరూ ఒకే సంగతికి నవ్వలేదు.

ఖమ్మానికి వచ్చిన ఉత్తరాలు

మర్నాడు పొద్దున బస్సుకు లచ్చక్క సర్వపిండి కట్టి ఇచ్చింది. ఖమ్మం చేరాక నా కుర్చీ, నా హెడ్‌ఫోను, నా ఇరవై నిమిషాల నడక అన్నీ నా కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నాయి. ఎవరైనా మణుగూరుకు ట్రంకు కాలు అడిగితే నాకు మెట్లు గుర్తొచ్చేవి.

పనులు ఎక్కువగా ఉన్నాయంటూ ఆయన ఆ నెలలో శనివారాలు రాలేదు, ఉత్తరాలు రాశారు. మొదటిది నాలుగో రోజు వచ్చింది. "మూడు నిమిషాల్లో దాటాను. పెద్ద విషయమేమీ కాదు" అని రాశారు. రెండోది పొడుగ్గా ఉంది. అందులో దోమలున్నాయి, మేకలున్నాయి, నీళ్లున్నాయి, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లున్నాయి, వాటికి అంటిన వాసన గురించి సగం పేజీ ఉంది. మూడో ఉత్తరంలో, లోపల దీపం పెట్టించమని కాలనీ ఆఫీసుకు వెళ్తే, అక్కడి గుమాస్తా మ్యాపు తీసి చూపించి, మ్యాపులో దీపం ఉందని చెప్పాడట. ఆయనకు చాలా కోపమొచ్చిందట. ఒక గుమాస్తా అట్లా మాట్లాడొచ్చా అని నన్నే అడిగారు.

నాలుగో ఉత్తరం ఇరవై రెండో రోజున రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. "నువ్వు దరఖాస్తు ఇవ్వవద్దు. మా యజమానిని అడిగాను, ఖమ్మం ఆఫీసులో చోటిస్తానన్నారు. వచ్చే వారమే వచ్చేస్తున్నాను. రాత్రిళ్లు మోకాళ్లు గుంజుతున్నాయి. అవి రోజూ మనిషి దిగి ఎక్కే మెట్లు కావు సుగుణా, నీకు తెలియదు" అని రాశారు.

ఎక్స్ఛేంజిలో భోజనాల వేళ చదివాను. ముందు నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఆ చివరి మూడు ముక్కల దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆయన వచ్చేస్తున్నందుకు సంతోషించాను, అబద్ధమెందుకు. కానీ లచ్చక్క పొరుగు ఇక లేదని బాధ కూడా వేసింది. రాజలింగు ఇస్త్రీ అంగీ వేసుకుని దిగిన చోటికి నేను నా అంతట నేను పోదామనుకున్నాను. రెండు మంచి కాళ్లున్న మనిషి ఇరవై రెండు రోజులకే వద్దనుకున్న దారి, నాకు జీవితాంతం సుఖంగా ఉంటుందని ఏడాది పాటు రాస్తూ వచ్చారు. మోకాళ్లు తనవి అయ్యేదాకా అది బరువనిపించలేదు. నాకు నిజంగా కోపమొచ్చింది.

దరఖాస్తు కాగితం సొరుగులో పెట్టి, కార్డు తీసి జవాబు రాశాను. క్షేమ సమాచారాలు రాయలేదు. నెల ఇంకా కాలేదని, ఇరవై రెండు పోను ఎనిమిది రోజులు మిగిలాయని, అవి కూడా దిగి ఎక్కి అప్పుడు ఖమ్మం బస్సు ఎక్కమని రాశాను.